ఫొటోలకు ట్యాగులు పెట్టడం ఎలా: ఎంపిక నుంచి దిద్దుబాటు దాకా

ట్యాగులు ఎన్ని పెట్టాలి? తెలుగులో పెట్టాలా, ఇంగ్లిషులోనా? అన్ని పెట్టినా నా ఫొటో వెతుకులాటలో ఎందుకు రావడం లేదు? పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్నలివి. మూడింటికీ మూలం ఒక్కటే: ఫొటో ఎక్కించే క్షణంలో తోచిన మాటలు పెట్టేయడం. ట్యాగుగా పనికొచ్చేది వెతికేవారు టైపు చేసే మాట. ఆ వెతికేవారు ఎవరో తెలియని మనిషి కావచ్చు, రెండేళ్ల తర్వాత అదే ఫొటో కోసం తడుముకుంటున్న మీరే కావచ్చు. కింది పద్ధతి అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

1. ముందు ఏ ట్యాగో తేల్చుకోండి

ట్యాగు అనే ఒకే పేరుతో నాలుగు వేర్వేరు వస్తువులు చలామణిలో ఉన్నాయి.

- ఫైలులోని కీలకపదాలు: ఫొటో ఫైలు లోపలే రాసి ఉండే మాటలు. ఇవి ఐపీటీసీ, ఎక్స్‌ఎంపీ అనే ప్రమాణాల ప్రకారం నిల్వ ఉంటాయి.
- సైటు ట్యాగులు, హ్యాష్‌ట్యాగులు: ఫొటో ఎక్కించాక ఆ సైటులో మాత్రమే ఉండేవి.
- మనుషుల ట్యాగులు: ఫొటోలోని వ్యక్తిని అతని ఖాతాకు కలిపేవి.
- చోటు ట్యాగు: మనం ఎంచుకునే ప్రదేశం పేరు, లేదా ఫోను తనంతట తాను నమోదు చేసే అక్షాంశ రేఖాంశాలు.

మొదటి రకం ఫైలుతో పాటు మీ దగ్గర ఉంటుంది, రెండో రకం సైటు దగ్గరే ఉండిపోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పాత ట్విటర్) వంటి సైట్లు ఫొటోను చూపించేటప్పుడు లోపలి సమాచారాన్ని చాలావరకు తీసేస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినా అంతే, డాక్యుమెంట్‌గా పంపితే మిగులుతుంది. ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్ దీనికి భిన్నం. ఫైలులోని కీలకపదాలను చదివి, వాటినే తన ట్యాగులుగా మార్చుకుంటుంది. అందుకే ముందు ఫైలులో రాసి, తర్వాత సైటుకు వెళ్లడం మంచి వరుస.

2. ఎవరి కోసమో ఒక్క మాటలో రాసుకోండి

మీ సొంత వెతుకులాట కోసమైతే ఇంట్లోవాళ్ల పేర్లు, సందర్భాలు ముఖ్యం. ఒకే అభిరుచి ఉన్నవారికి చేరాలంటే వాళ్లు వాడే ట్యాగులే వాడాలి. ఎవరైనా తిరిగి వాడుకునేందుకు ఇస్తున్నట్లయితే వస్తువు పేరు, చోటు తప్పకుండా ఉండాలి. మూడింటినీ ఒకే ట్యాగుల వరుసతో సాధించాలని చూస్తే ఏదీ సరిగా కుదరదు.

3. పదాల పట్టిక తయారు చేయండి

అసలు శ్రమ ఇక్కడే ఉంది. చాలామంది దాటవేసే మెట్టూ ఇదే. ట్యాగుల విషయంలో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మాటలు ముందుగా ఖాయం చేసుకోకపోవడం వల్లే వస్తాయి.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి మూడు గడులు పెట్టండి. మొదటి గడిలో మీరు ఖాయం చేసుకున్న మాట. రెండో గడిలో ఇకపై వాడకూడని రూపాలు. మూడో గడిలో దానికి ఇంగ్లిషు మాట, ఊళ్ల, మనుషుల పేర్లకైతే ఇంగ్లిషు అక్షరాల్లో దాని రూపం. మీరు తరచుగా తీసే విషయాలతో ముప్పై నలభై మాటలు రాస్తే మొదలుపెట్టడానికి చాలు.

తెలుగులో పట్టిక రాసేటప్పుడు ఈ విషయాలు ఒక్కొక్కటిగా తేల్చుకోండి.

విభక్తి వద్దు. వర్షంలో, వర్షానికి, వర్షపు అని కాకుండా ‘వర్షం’ అని మాత్రమే రాయండి. మాట రూపాలను కలిపి చూసే తెలివి తెలుగు విషయంలో చాలా సైట్లకు లేదు. అక్షరాలు తు.చ. తప్పకుండా సరిపోలితేనే ఫలితం వస్తుంది.

ఏకవచనమా, బహువచనమా? పువ్వు, పూవు, పూలు, పువ్వులు అనే నాలుగూ కంప్యూటర్ లెక్కలో నాలుగు వేరు ట్యాగులు. నా సలహా ఏకవచనం. ఫొటోలో ఒకటుందా పది ఉన్నాయా అని ప్రతిసారీ ఆలోచించే పని తప్పుతుంది.

పర్యాయపదాల్లో ఒకటే. వాన, వర్షం రెండూ మంచి మాటలే. సొంత సేకరణలో మాత్రం ఒకదాన్నే ఉంచండి. పదిమందికి చూపే సైటులో రెండోదీ చేర్చవచ్చు, ఎందుకంటే వెతికేవారు ఏది టైపు చేస్తారో మనకు తెలియదు. ఫొటోలు సర్దుకునే, దిద్దుకునే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒక కీలకపదానికి పర్యాయపదాలు జోడించే ఏర్పాటు ఉంది. ఒకటి పెడితే ఎగుమతిలో (ఎక్స్‌పోర్ట్) మిగతావీ ఫైలులోకి వెళతాయి.

రాత తీరు. ఫొటో, ఫోటో. ఇంగ్లిషు, ఇంగ్లీషు. రెండూ వాడుకలో ఉన్నవే కాబట్టి ఏది ఒప్పు అన్న చర్చ ఇక్కడ అక్కరలేదు. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

కనిపించని అక్షరం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ‘కింగ్‌ఫిషర్’ అని రాసినప్పుడు ‘గ్’ తర్వాత ‘ఫి’ దానికి ఒత్తుగా అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడుతుంది. అది లేకపోతే ‘కింగ్ఫిషర్’ అని ఒత్తుతో వస్తుంది. ఇక్కడ తేడా కంటికి తెలుస్తుంది. అదే అక్షరం మాట చివర, ‘ట్యాగ్’లోని పొల్లు తర్వాత మిగిలిపోతే కంటికి ఏమీ తెలియదు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు ట్యాగులు జాబితాలో వేర్వేరుగా కనిపించాయంటే ముందు దీన్నే అనుమానించండి. మాట చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒకసారి కొట్టండి. అక్షరం ఏదీ చెరగకపోతే, చెరిగింది ఆ అదృశ్య అక్షరమే. ఈ తలనొప్పి రాకుండా, పట్టికలో ఖాయం చేసిన మాటను అక్కడి నుంచే నకలు తీసి అతికించడం మేలు.

పొడవు. పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక్కో కీలకపదానికి 64 బైట్లే హద్దు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు పడితే, యూటీఎఫ్-8 అనే అక్షరాల నిల్వ పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘లకుముకి పిట్ట’కు 37 బైట్లు పడుతుంది, ఇబ్బంది లేదు. ‘నీటిమీద వాలిన లకుముకి పిట్ట’ 75కు చేరి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో చివర తెగిపోతుంది. ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు. అయినా ట్యాగు ఒకటి రెండు మాటలకు మించకపోవడమే మంచిది. వాక్యం రాయాలనిపిస్తే దాని చోటు వివరణలో.

4. ఫొటోను ప్రశ్నలతో చదవండి

ఒక ఫొటో తీసుకుందాం. ఎండుకొమ్మ మీద లకుముకి పిట్ట, ముక్కున చేప, కింద వాగు, సన్నగా వాన. వరుసగా అడగండి.

1. ప్రధానంగా ఉన్నది ఏమిటి? లకుముకి పిట్ట. దానికి ఒక మెట్టు పైన: పక్షి. రెండూ పెట్టండి. ‘జీవి’ వరకు ఎక్కవద్దు.
2. ఏం జరుగుతోంది? వేట. ముక్కున ఉన్నది స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి చేప కూడా.
3. ఎక్కడ? వాగు. దానికి పేరుంటే ఆ పేరు. ఈ ప్రశ్నను ఎప్పుడూ వదలకండి. 2008లో యాహూ పరిశోధకులు ఫ్లికర్‌లోని 5.2 కోట్ల ఫొటోల ట్యాగులను పరిశీలించినప్పుడు, వర్గీకరించగలిగిన వాటిలో చోట్లకు సంబంధించినవే అన్నిటికన్నా ఎక్కువగా తేలాయి.
4. ఎప్పుడు? వర్షం. తేదీని కెమెరా ఫైలులో ఎలాగూ రాస్తుంది. గడియారం సరిగా ఉందని నమ్మకం ఉంటే తేదీకి ట్యాగు అక్కరలేదు. స్కాన్ చేసిన పాత ఫొటోలకు మాత్రం తప్పకుండా కావాలి, లేకపోతే స్కాన్ చేసిన రోజే తీసిన రోజుగా నమోదవుతుంది. 1987-05 అన్నట్లు ఏడాది ముందు, నెల తర్వాత రాయండి, వరుస చెడదు.
5. చిత్రించిన తీరులో ప్రత్యేకత ఉందా? ఎదురు వెలుతురు, నలుపు తెలుపు వంటివి నిజంగా ఉంటేనే.

వచ్చినవి: లకుముకి పిట్ట, పక్షి, వేట, చేప, వాగు, వాగు పేరు, వర్షం. ఏడు. ఈ ఫొటోకు ఇవి చాలు.

పెట్టాలనిపించినా వద్దనుకున్నవి కూడా చెప్పాలి. ‘అందం’, ‘ప్రకృతి’, ‘అద్భుతం’ వంటివి ఏ ఫొటోకైనా అతుకుతాయి, ఏ ఫొటోనూ పట్టివ్వవు. కెమెరా పేరు ఫైలులోనే ఉంది. కొమ్మ ఫొటోలో ఉన్నా, కొమ్మ కోసం వెతికేవారికి ఈ ఫొటో అక్కరకు రాదు. పెట్టాలా వద్దా అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష: ఈ మాటతో వెతికిన మనిషికి ఈ ఫొటో కనిపిస్తే సంతోషిస్తాడా, విసుక్కుంటాడా?

పిట్ట జాతి కచ్చితంగా తెలియకపోతే ఒక మెట్టు పైనే ఆగండి. ‘పక్షి’ అని ఉంటే ఎవరైనా తెలిసినవారు చూసి చెబుతారు. తప్పు పేరు పెడితే దాన్ని నమ్మి ఇంకొకరు వాడతారు, ఆ తప్పు మీ ఫొటో దాటి వెళ్లిపోతుంది.

5. ఫైలులోనే రాయండి

విండోస్: జేపెగ్ ఫైలు మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరవండి. ట్యాగ్స్ గడిలో సెమీకోలన్‌తో విడదీసి రాయండి. పది ఫొటోలను ఒకేసారి ఎంచుకుని కూడా రాయవచ్చు.

మ్యాక్: ఫొటోస్‌లో సమాచార పెట్టె తెరిచి కీవర్డ్స్ చేర్చండి. ఇవి ముందు లైబ్రరీలోనే ఉంటాయి. ఎగుమతి చేసేటప్పుడు శీర్షిక, కీలకపదాలు, వివరణ చేర్చమనే గడిలో టిక్కు పెడితేనే ఫైలులోకి వెళతాయి. చోటు సమాచారానికి పక్కనే వేరే టిక్కు ఉంటుంది, దాన్ని ఆలోచించి పెట్టండి.

డిజీక్యామ్: ఫొటోలు సర్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. చెట్టు కొమ్మల పద్ధతిలో పక్షి కింద లకుముకి పిట్ట అని అమర్చుకోవచ్చు. సెట్టింగులలో మెటాడేటా విభాగానికి వెళ్లి, ట్యాగులను ఫైలులో రాయమనే గడి ఎంచుకుని ఉందో లేదో చూడండి. లేకపోతే శ్రమంతా దాని డేటాబేసులోనే మిగిలిపోతుంది.

లైట్‌రూమ్ క్లాసిక్: ఇక్కడా కీలకపదాలు ముందు క్యాటలాగ్‌లోనే చేరతాయి. ఫొటోలను ఎంచుకుని కంట్రోల్, ఎస్ నొక్కితే ఫైలుకు చేరతాయి.

వరుస కూడా ముఖ్యం. మొత్తం గుంపుకు ఉమ్మడిగా వర్తించేవి (చోటు, సందర్భం) ముందు ఒకేసారి పెట్టండి. తర్వాత చిన్న గుంపులు. విడి ఫొటోల సంగతి చివరన. పనికిరాని ఫొటోలను ఈ పని మొదలుపెట్టకముందే తీసేయండి.

పూర్తయ్యాక ఒక ఫైలును వేరే ఫోల్డరులోకి నకలు తీసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. అక్కడా ట్యాగులు కనిపిస్తే అవి నిజంగా ఫైలులో ఉన్నట్లే.

6. సైటుకు ఎక్కించేటప్పుడు

ఫ్లికర్: ఒక ఫొటోకు 75 ట్యాగుల దాకా ఒప్పుకుంటుంది. అన్నీ నింపాలని కాదు. వెతుకులాటలో ఖాళీలను, విరామ చిహ్నాలను పట్టించుకోదు కాబట్టి రెండు మాటల ట్యాగును మామూలుగానే రాయవచ్చు, కలిపి రాసిన రూపం మళ్లీ పెట్టనక్కరలేదు.

ఇన్‌స్టాగ్రామ్: కొన్ని కచ్చితమైనవి చాలు. 2021లో ఆ సంస్థే మూడు నుంచి ఐదు హ్యాష్‌ట్యాగులు పెట్టమని సూచించింది. 2024 డిసెంబరులో హ్యాష్‌ట్యాగులను అనుసరించే సౌకర్యాన్ని తీసేసింది. కాబట్టి ట్యాగుల కన్నా వివరణలోని మామూలు మాటల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పిట్ట పేరు, చోటు పేరు మొదటి వాక్యంలోనే రావాలి.

హ్యాష్‌ట్యాగుల రాత: ఖాళీ వస్తే ట్యాగు అక్కడితో తెగిపోతుంది. #లకుముకి పిట్ట అని రాస్తే ‘లకుముకి’ మాత్రమే ట్యాగవుతుంది. #లకుముకిపిట్ట అని కలపాలి, లేదా #లకుముకి_పిట్ట అని అడుగు గీత పెట్టాలి. ఈ రెండూ వేర్వేరు ట్యాగులని మరవకండి. చూపు లేనివారు వాడే తెర చదివే సాఫ్ట్‌వేర్ మాటలను విడదీసి పలకడానికి, ఇంగ్లిషులో ప్రతి మాట మొదట పెద్ద అక్షరం రాస్తారు. తెలుగుకు పెద్ద అక్షరాలు లేవు కాబట్టి పొడవైన ట్యాగులో అడుగు గీతే దారి. ట్యాగులన్నీ వివరణ చివరన పెట్టండి, మధ్యలో పెడితే వినేవారికి వాక్యం ముక్కలవుతుంది. చూపు లేనివారి కోసం ఉన్న ప్రత్యామ్నాయ వివరణ గడిలో ట్యాగులు గుప్పించకండి. అక్కడ ఫొటోలో ఏముందో మామూలు వాక్యంలో చెప్పాలి.

వికీమీడియా కామన్స్: ఎవరైనా తిరిగి వాడుకోగల ఫొటోల భాండాగారం. ఇక్కడ ట్యాగుల బదులు వర్గాలు ఉంటాయి. అన్నిటికన్నా కచ్చితమైన వర్గంలోనే చేర్చాలి, దాని పై వర్గంలో మళ్లీ చేర్చకూడదు. సొంత ట్యాగుల్లో మనం పాటించే ‘ఒక మెట్టు పైన’ సూత్రం ఇక్కడ చెల్లదు. దీనితో పాటు ‘ఈ ఫొటోలో ఉన్నది’ అని వికీడేటా అనే బహుభాషా సమాచార భాండాగారంలోని అంశాన్ని జోడించే ఏర్పాటు ఉంది. దాన్ని తప్పక వాడండి. మీరు తెలుగులో లకుముకి పిట్ట అని ఎంచుకుంటే, వేరే భాషలో చూసేవారికి వాళ్ల భాషలోని పేరు కనిపిస్తుంది.

తెలుగులోనా, ఇంగ్లిషులోనా అన్న ప్రశ్నకు నా జవాబు: ప్రధాన వస్తువుకు, చోటుకు రెండు భాషల్లోనూ పెట్టండి, మిగతావి ఒక్క భాషలో చాలు. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాసే పద్ధతికి నియమం లేదు. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తప్ప వేరే మాటలకు దాన్ని వాడవద్దు.

7. మనుషుల ట్యాగులు: ముందు అడగండి

ఇది మర్యాద విషయం మాత్రమే అనుకోవద్దు. ఫేస్‌బుక్‌లో మీరు స్నేహితులకే చూపిన ఫొటోకు ఒకరిని ట్యాగు చేస్తే, ఆ వ్యక్తి స్నేహితులకూ అది కనిపించే వీలుంది. అంటే మీ ఫొటో మీరు గీసిన గీత దాటుతుంది, వాళ్ల ముఖం వాళ్లకు తెలియకుండా వాళ్ల బంధువుల ముందుకు వెళుతుంది.

- ఫొటో పంపి, ‘ట్యాగు చేయనా?’ అని అడగండి. జవాబు రాకపోతే వద్దన్నట్లే.
- పిల్లల పేర్లు, బడి పేరు ట్యాగులుగా వద్దు. సొంత సేకరణలో పేర్లు ఉండవచ్చు, ఎగుమతిలో తీసేయండి.
- ఫొటోను అందరి దృష్టికి తేవడం కోసం అందులో లేనివారిని ట్యాగు చేయకండి.
- ఎవరైనా తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి.

మీ వైపు జాగ్రత్తగా, ఫేస్‌బుక్‌లో ట్యాగులను ముందు మీకు చూపించే సమీక్ష అమరికను, ఇన్‌స్టాగ్రామ్‌లో ట్యాగులను స్వయంగా ఆమోదించే అమరికను ఆన్ చేసుకోండి. ఫేస్‌బుక్ 2021 నవంబరులో తన ముఖ గుర్తింపు వ్యవస్థను ఆపేస్తున్నట్లు, వంద కోట్లకు పైగా ముఖ నమూనాలను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. అయినా మనిషి చేతితో పెట్టిన పేరు ట్యాగు అలాగే నిలుస్తుంది.

8. చోటు ఎంతవరకు చెప్పాలి

ఇల్లు, బడి, రోజూ వెళ్లే దారి: కచ్చితమైన చోటు వద్దు. ప్రయాణంలో ఉన్నప్పుడు తిరిగి వచ్చాక పెట్టండి. ఐఫోన్‌లో పంపే ముందు పైన కనిపించే ఆప్షన్స్ నొక్కి చోటు సమాచారం ఆపవచ్చు.

గూళ్లు, అరుదైన జీవుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గూడు ఉన్న చెట్టు ఆచూకీ ఒక్క ట్యాగుతో వేటగాళ్లకు చేరుతుంది. జీవజాతుల పరిశీలనలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటు ముప్పు ఉన్న జాతుల చోటును తనంతట తానే మసకబారుస్తుంది: అసలు బిందువు బదులు 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చోట చూపిస్తుంది. ఇతర సైట్లలో ఆ పని మనమే చేయాలి. జిల్లా పేరు లేదా ప్రాంతం పేరు చెప్పి ఆగిపోండి.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

ప్రతి ఫొటోకు ఒకే ట్యాగుల మూట అతికించడం. ఆ మూటను రెండుగా విడదీయండి. ఉమ్మడివి రెండు మూడు ఉంచి, ఈ ఫొటోకే చెందినవి కనీసం మూడు చేర్చండి.

ఆదరణ ఉందని సంబంధం లేని ట్యాగు పెట్టడం. చూసినవారు క్షణంలో దాటిపోతారు. నిజంగా దాని కోసం వెతుకుతున్నవారి దారికి అడ్డం పడినట్లవుతుంది. తీసేయండి.

సందర్భం ట్యాగు తొందరపడి ఖాయం చేయడం. పొట్టి అక్షరాల ట్యాగును వేరే ఎవరో వేరే విషయానికి ఇప్పటికే వాడుతూ ఉండవచ్చు. ముందు దాన్ని వెతికి చూడండి. ఖాళీగా ఉంటే దానికి ఏడాది చేర్చి అందరికీ ముందే చెప్పండి. ఎక్స్‌లో అంకెలు మాత్రమే ఉన్న హ్యాష్‌ట్యాగు పనిచేయదు, అక్షరం ఒకటైనా ఉండాలి.

యంత్రం సూచించిన ట్యాగులను చూడకుండా ఒప్పుకోవడం. యంత్రం ‘పక్షి’, ‘నీరు’ వరకు బాగానే చెబుతుంది. వాగు పేరు, సందర్భం దానికి తెలియవు. సూచనలను ఒక్కొక్కటిగా చదివి, తప్పువి తీసేసి, ఆ లోటు మీరు పూరించండి.

ఎక్కించే ముందు ఇవి చూసుకోండి:

- ప్రధాన వస్తువు, చోటు రెండూ ఉన్నాయా?
- ప్రతి మాటా పట్టికలోని రూపంలోనే ఉందా?
- తెలియని సంగతి తెలిసినట్లు రాశానా?
- పేరు పెట్టినవారు ఒప్పుకున్నారా?
- ఫైలులో దాగిన అక్షాంశ రేఖాంశాలు ఉండాలా, తీసేయాలా?

10. ఎక్కించిన తర్వాత

మర్నాడు మీ ఖాతా నుంచి బయటకు వచ్చి, బ్రౌజర్‌లో కొత్తవారిలా వెతికి చూడండి. లాగిన్ లేకుండా వెతకనివ్వని సైట్లలో ఒక మిత్రుణ్ణి వెతకమనండి. అతనికి ఫొటో చూపించకండి, ఏం తీశారో నోటితో చెప్పి, తనకు తోచిన మాటలతో వెతకమనండి. అతను టైపు చేసిన మాట మీ ట్యాగుల్లో లేకపోతే దాన్ని చేర్చండి.

పాత ఫొటోలన్నిటినీ ఒక్కసారిగా సరిచేయాలని కూర్చుంటే పని మధ్యలో ఆగిపోతుంది. కొత్తగా తీసేవాటికి ఇవాళ్టి నుంచే పట్టిక వాడండి. పాతవాటిలో మాత్రం ఎవరైనా అడిగిన ఫొటోను, మీరు వెతికినా దొరకని ఫొటోను అప్పటికప్పుడు సరిచేయండి.

నెలకొకసారి మీ ట్యాగుల జాబితాను అక్షర క్రమంలో తెరవండి. ఒకే ఒక్క ఫొటోకు ఉన్న ట్యాగుల మీద ముందు కన్ను వేయండి. వాటిలో చాలావరకు రాత తేడాలే దొరుకుతాయి. డిజీక్యామ్‌లోని ట్యాగుల నిర్వాహకంలో, లైట్‌రూమ్ కీలకపదాల జాబితాలో పేరు మార్చితే దాని కింద ఉన్న ఫొటోలన్నిటికీ మారుతుంది. కలిపేసిన ప్రతి పాత రూపాన్నీ పట్టికలోని రెండో గడిలో రాసి పెట్టుకోండి, మళ్లీ వేలికి వచ్చినప్పుడు అక్కడే దొరికిపోతుంది.